జెరొమీనత్త దొంగిలించిన రాళ్ళు

జెరొమీనత్త ఏ గోడ పక్కనుంచి నడిచినా ఆ గోడకి ఒక రాయి తగ్గేది.

దొంగతనం అనడానికి లేదు, ఎందుకంటే ఆవిడ ఆ పని పట్టపగలే చేసేది. దానం అనడానికీ లేదు, ఎందుకంటే ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు. నల్ల గౌను మీద కట్టుకున్న నీలం ఏప్రన్‌ని పొట్ట దగ్గర మూటలా రెండు చేతులా పట్టుకుని, కొండదారిలో వంగి వంగి వస్తూ కనిపించిందంటే, ఎదురొచ్చినవాళ్ళు బాగున్నావా అనకముందే "ఎవరిది?" అని అడిగేవాళ్ళు.

"ఎవరిదైతే ఏం? రాయి దేవుడిది."

"ఆ దేవుడే దాన్ని నా గోడలో పెట్టాడత్తా!"

"పొరపాటున పెట్టాడు. సర్దుతున్నా."

కాలాస్ట్రా ఊళ్ళో రాయంటే మాటలు కాదు. సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన ఆ కొండకి ద్రాక్ష పట్టిందంటే అంతా గోడల పుణ్యమే. నాలుగు గజాల మడి, దాని కింద నిలువెత్తు గోడ, ఆ కింద ఇంకో మడి, ఇంకో గోడ. సున్నం లేదు, సిమెంటు లేదు, ఉత్తి రాయి మీద రాయి. తాతలు పేర్చారు, తండ్రులు సర్దారు, కొడుకులు నడుములు పట్టుకుని తిట్టుకుంటూ కాపాడుతున్నారు. పైగోడ ఒకటి జారిందా, కిందవన్నీ పేకముక్కల్లా జారి, తీగలతో సహా చేపల నోట్లో పడతాయి. అలాంటి చోట డెబ్భై ఎనిమిదేళ్ళ ముసలమ్మ రోజుకో రాయి పీకుతూ తిరుగుతుంటే ఎవరికి మాత్రం నిద్ర పడుతుంది?

ఒక ఆదివారం గుళ్ళో అందరూ తలలు వంచుకుని మౌనంగా ఉన్న క్షణంలో ఆవిడ ఒళ్ళోంచి రాయి జారి నేలమీద ధన్‌మని పడింది. చెల్సో ఫాదర్ కళ్ళు తెరవకుండానే అన్నాడు, "జెరొమీనా, పాపం మనసులో మోస్తారు గానీ ఒళ్ళో మోస్తారా?"

"మనసులో మోస్తే బరువు తెలీదు ఫాదర్" అందావిడ, రాయి తీసుకుని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంటూ.

రొట్టెల కొట్టువాడి కూతురి పెళ్ళికి రిబ్బను కట్టిన పలక రాయి బహుమతిగా ఇచ్చింది. "పునాదికి పనికొస్తుందమ్మా" అని దీవించింది. పెళ్ళికూతురి అత్తగారు ముచ్చటపడి కళ్ళు తుడుచుకుంది. కళ్ళు తుడుచుకున్నాక సరిగా చూసింది. అది వాళ్ళ గోడదే.

ఇంకో అలవాటు కూడా ఉండేది ఆవిడకి. గోడలకి చెవులుంటాయని లోకమంతా అంటుంది, జెరొమీనత్త ఎదురు తిరిగి గోడకే చెవి పెట్టేది. చెంప ఆనించి, వేలి కణుపుతో రెండు కొట్లు కొట్టి, మూతి ముడిచి, "ఊఁ" అనేది. ఆ "ఊఁ" విన్న గోడ యజమాని మర్నాడు పొద్దున్నే రాళ్ళు లెక్కపెట్టుకోవాల్సిందే.

లెక్కపెట్టడంలో మొనగాడు ఊరి పోలీసు బెర్టోన్. మీసాలు, ఈల, ఒక నల్ల నోటుబుక్కు, అదీ ఆయన. ప్రతి ఆదివారం తన గోడ ముందు నిలబడి ఈ మూల నుంచి ఆ మూలకి రాళ్ళు లెక్కపెట్టేవాడు. "నాలుగు వందల పన్నెండు!" అని గట్టిగా అరిచేవాడు, కొండంతటికీ వినపడాలని. ఒకసారి జెరొమీనత్త ఇంటికి సోదాకి కూడా వెళ్ళాడు. పైన అడవి అంచున ఆవిడకున్న మూడు మళ్ళ గోడలన్నీ తడిమి చూశాడు. ఊళ్ళోవాళ్ళ రాయి ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

"తింటావా ఏంటి వాటిని?" అని అడిగాడు.

"ఉప్పూ నూనే వేసుకుని" అంది జెరొమీనత్త. ఆయనకి సెనగపిండి అట్టు పెట్టి, ఒక గ్లాసు వైన్ పోసి పంపించింది. ఆయన వెళ్తూ వెళ్తూ తన గోడ దగ్గర ఆగి చూసుకుంటే నాలుగు వందల పదకొండు!

ఇంతవరకూ అందరికీ నవ్వులాటే. డెల్మోకి మాత్రం కాదు.

డెల్మో ఈ ఊరివాడే గానీ ఇరవై ఏళ్ళు స్పెజియా రేవులో పనిచేశాడు. అలల్ని ఆపే కట్టలకి సిమెంటు పోసే పని. మేనమామ పోతూ పోతూ ఐదు ద్రాక్షమళ్ళు ఇతని పేర రాస్తే, ఉన్న ఉద్యోగం మానేసి, పెళ్ళాం నివెస్‌ని వెంటబెట్టుకుని కొండెక్కాడు. నివెస్ స్పెజియాలో జుట్టు కత్తిరించే షాపు నడిపిన మనిషి. నాలుక కత్తెర కంటే పదును.

మొదటి ఏడు పంటని అడవిపందులు తిన్నాయి. రెండో ఏడు వైన్ దిగింది గానీ, దాన్ని నివెస్ ఆకుకూరల మీద చల్లుకుని, "పులుపు బాగా కుదిరింది" అంది. మూడో ఏడు ఆగస్టులో ఆవిడ ఒక పెట్టె సర్ది వీధి గుమ్మం పక్కన పెట్టింది.

"ఏంటిది?" అన్నాడు డెల్మో.

"పెట్టె. ఈసారి తాగగలిగే వైన్ వచ్చిందనుకో, విప్పుతా. రాలేదనుకో, మోస్తా. స్పెజియా బండెక్కి మా అన్న ఇంటికి పోతా. నువ్వు ఇక్కడే ఉండి ఆ గోడతో కాపురం చెయ్యి."

ఆ గోడంటే డెల్మో పై మడి కింద ఉన్న పెద్ద గోడ. పోయిన చలికాలం సగం కూలితే ఏప్రిల్లో తనే తిరిగి కట్టాడు. ఊరివాళ్ళలా ఉత్తి రాయి కాదు, ముఖం మీద ప్రతి సందులోనూ సిమెంటు దట్టించాడు. ఇరవై ఏళ్ళు నీళ్ళని ఆపినవాడు, గోడని చూస్తే చెయ్యి ఊరుకుంటుందా? కడుతున్నప్పుడు జెరొమీనత్త వచ్చి చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడింది.

"ఒరే డెల్మో, అది ఊపిరెలా పీలుస్తుందిరా?"

"గోడ ఊపిరి పీల్చడమేంటి అత్తా? నా గోడ సంగతి నాకు తెలుసులే."

ఆవిడ చెంప ఆనించి, రెండు కొట్లు కొట్టి, "ఊఁ" అని వెళ్ళిపోయింది. డెల్మోకి ఆ "ఊఁ" ఏప్రిల్ నుంచీ చెవిలో చీమలా తిరుగుతూనే ఉంది.

సెప్టెంబరు వచ్చింది. ఆ పై మడిలో నడుమెత్తు పందిళ్ళ కింద బోస్కో రకం ద్రాక్ష గుత్తులు బంగారు రంగుకి తిరిగాయి. ఆ పందిళ్ళ కింద పనిచెయ్యాలంటే మోకాళ్ళ మీద పాకాలి. డెల్మో పొద్దున్నే పాకి వెళ్ళి ఒక్కో గుత్తి మొహం చూసి వచ్చేవాడు. వాటిలో మంచివి ఏరి, నీడలో వేలాడదీసి ఎండబెట్టి, తీపి వైన్ తియ్యాలని ఆశ. ఊరి ఉమ్మడి ద్రాక్ష గానుగ దగ్గర పెద్దాయన ఒక గింజ కొరికి చూసి, "ఇంకో నాలుగు ఎండలు కావాలి. మంగళవారం కొయ్యి" అన్నాడు. ఇంకా పచ్చిగా కోస్తే నివెస్‌కి మళ్ళీ ఆకుకూరల్లోకి పులుపే.

గురువారం పొద్దున డెల్మో వెళ్ళేసరికి గోడ అడుగున మూడు కన్నాలు. మూడు రాళ్ళు మాయం. చుట్టూ సిమెంటు పెచ్చులు.

తలెత్తి ఇంటివైపు కేకేశాడు. "నివెస్! ముసలిది వచ్చి వెళ్ళింది!"

"పూడ్చెయ్" అంది నివెస్, పైనుంచే.

పూడ్చాడు. కొత్త రాళ్ళు కొట్టి ఇరికించి, మిగిలిన సిమెంటు కలిపి దట్టించాడు. శుక్రవారం పొద్దున వెళ్తే నాలుగు కన్నాలు. నిన్న పూడ్చిన మూడూ, కొత్తది ఒకటీ. ఒళ్ళు మండిపోయింది. మళ్ళీ పూడ్చాడు.

అదే రోజు మధ్యాహ్నం చేపల రేవు దగ్గర కాఫీ కొట్టులో రేడియో చెప్పింది, శనివారం కుండపోత అని. అందరూ గ్లాసులు కింద పెట్టి కొండవైపు చూశారు. బెర్టోన్ మెల్లిగా లేచి డెల్మో పక్కకొచ్చాడు. డెల్మో ఐదు మళ్ళ కింద ఉన్నవి బెర్టోన్ మళ్ళే.

"డెల్మో, నీ గోడ గట్టిదే కదా?"

"కొండ కదులుతుందేమో గానీ అది కదలదు. ఆ ముసలిదాన్ని మాత్రం దూరంగా ఉంచండి. నాలుగు చోట్ల పొడిచింది. వానకి ఆ కన్నాల దగ్గరే పగిలితే నేను నీ నెత్తిన, నువ్వు సముద్రం నెత్తిన పడతాం!"

బెర్టోన్ మొహం ఆలివ్ నూనెలా అయిపోయింది. నోటుబుక్కు తీసి ఏదో రాసుకున్నాడు. పాపం, ఏం రాశాడో ఆయనకే తెలియలేదు.

శనివారం పొద్దున డెల్మో కాపలా కాశాడు. పందిరి కింద బోర్లా పడుకుని, గుత్తుల మధ్యనుంచి తల బయటపెట్టి గోడ అంచు మీదుగా కిందికి చూస్తున్నాడు. సముద్రం మీద ఆకాశం సీసం రంగులో ఉంది. గాలి లేదు. పిట్ట లేదు. పదకొండింటికి నీలం ఏప్రన్ వచ్చింది. ఏప్రన్ వెనకాల జెరొమీనత్త, ఆవిడ భుజం మీద గునపం.

వచ్చి, గోడకి చెవి పెట్టింది. మొహం మారిపోయింది. గునపం మొన సందులో పెట్టి ఒక్క తన్ను తన్నింది.

డెల్మో పైనుంచి దూకాడు. "దొరికావత్తా!"

"దొరికితే ఓ చెయ్యి వెయ్యి, ఇది బిగుసుకుపోయింది" అంది ఆవిడ, తల కూడా తిప్పకుండా.

"వదులు!"

"నువ్వు వదులు!"

గునపం ఆ చివర ముసలమ్మ, ఈ చివర డెల్మో. అటు లాగితే ఇటు, ఇటు లాగితే అటు. ఏభై కిలోలు లేని మనిషి, కాళ్ళు నేలలో పాతినట్టు నిలబడింది. నివెస్ పైన గుమ్మంలోంచి చూసి, "ఏమయ్యా, ఓడిపోతున్నావు" అని అరిచింది. డెల్మోకి సిగ్గేసి, ఉన్న ఊపిరంతా పెట్టి బెర్టోన్‌ని కేకేశాడు.

బెర్టోన్ ఈల ఊదుకుంటూ వచ్చాడు. "జెరొమీనా, చట్టం పేరు మీద ఆ గునపం ఇలా ఇచ్చెయ్."

"ఒరే బెర్టోన్, వానొస్తోందిరా."

"అందుకే ఇవ్వమంటున్నా!"

"అందుకే అడుగుతున్నా!"

బెర్టోన్ గునపం లాక్కుని తన కొట్టంలో పెట్టి తాళం వేశాడు. జెరొమీనత్త ఇద్దర్నీ పైనుంచి కింది దాకా చూసింది. ఆవిడ కళ్ళల్లో కోపం లేదు. అది చూసి డెల్మోకి ఎందుకో కోపం కంటే ఎక్కువ భయమేసింది. ఆవిడ దారి పట్టింది. ఆ రోజు, ఎన్నేళ్ళకో, ఆవిడ ఏప్రన్ ఖాళీగా వేలాడింది.

రెండింటికి మొదటి చుక్క పడింది. రెండుంపావుకి కొండ కనపడలేదు.

అది వాన కాదు, ఎవరో సముద్రాన్ని ఎత్తి బోర్లించినట్టుంది. కొండదారి కాలవైంది. డెల్మో గోడ ముందు నిలబడ్డాడు, నివెస్ గొడుగు పట్టింది, గాలి ఆ గొడుగు పట్టుకుపోయింది. కింద బెర్టోన్ గోడల సందు సందునుంచీ నీళ్ళు కారుతున్నాయి. పక్కవాళ్ళ గోడలూ అంతే, చెమటలు పట్టినట్టు. డెల్మో గోడ మీద మాత్రం పైనుంచి పడే వాన తప్ప లోపల్నుంచి ఒక్క చుక్క లేదు.

"చూశావా!" అన్నాడు డెల్మో, వానలో నోరు తుడుచుకుంటూ. "కొండంతా కారుతోంది. మనది చూడు. ఒక్క చుక్కైనా ఉందా!"

నివెస్ చూసింది. తల పక్కకి వంచి మళ్ళీ చూసింది. షాపులో జుట్టు రెండు పక్కలా సమానంగా వచ్చిందో లేదో చూసే చూపు అది.

"డెల్మో, నీ గోడ పొద్దున కూడా ఇంత లావుగానే ఉందా?"

గోడ మధ్యలో పొట్ట వచ్చింది. మొదట అనుమానంగా, తరవాత స్పష్టంగా. నెలలు నిండినదానిలా ముందుకి వస్తోంది. పైన పందిరి గుంజ ఒకటి మెల్లిగా వంగి, తనలో తను ఏదో చెప్పుకున్నట్టు కిర్రుమంది. పండు గుత్తులు ఒక్కసారిగా ఊగాయి.

"ఏడవని గోడని చూసి మురుస్తున్నావా నువ్వు?"

వెనక జెరొమీనత్త. ఎప్పుడో పోయిన మొగుడి రెయిన్‌కోటు వేసుకుంది, అది చీలమండల దాకా ఉంది. చేతిలో మేస్త్రీ సుత్తి. "మడి నిండా నీళ్ళు నిలబడ్డాయిరా లోపల! దారెక్కడ ఇచ్చావు వాటికి? నీ సిమెంటు ముందు కూర్చుని ఎంతసేపు బతిమాలుకుంటాయి?"

అప్పుడు అర్థమైంది డెల్మోకి. రేవులో నీళ్ళని ఆపాలి. కొండ మీద నీళ్ళకి దారివ్వాలి. ఏప్రిల్లో ఆవిడ అడిగింది ఈ ఊపిరి గురించే. ఇరవై ఏళ్ళు నేర్చుకున్న విద్యంతా ఆ గోడ వెనకాల మడుగై నిలబడి ఉంది. దాని పైన ఈ ఏటి పంట, ఆ పంట మీద నివెస్ పెట్టె.

"ఎక్కడ కొట్టాలత్తా?" అని చెయ్యి చాచాడు.

"నేను చూపించిన చోటే కదరా, రెండు రోజులుగా!"

ఆవిడ సుత్తి అతని చేతిలో పెట్టింది. డెల్మో అడుగున మోకాళ్ళ మీద కూలబడ్డాడు. పొట్ట సరిగ్గా అతని నెత్తి మీద ఉంది. "డెల్మో, బయటికి రా!" అని నివెస్ కేకపెట్టింది. అతను రాలేదు. నిన్న తనే పూడ్చిన కన్నం మీద కొట్టాడు. ఒకటి. రెండు. గోడ లోపల ఎక్కడో ఒక రాయి ఇంకో రాయితో గుసగుసలాడింది. మూడు. సిమెంటు పెచ్చు ఊడింది. రాయి కదిలింది గానీ రాలేదు.

"గునపం కావాలి!"

"గునపం అరెస్టయింది!" అంది నివెస్, ఆ వానలో కూడా.

కింద మడిలోంచి తన నెత్తి మీదికి చూసుకున్న బెర్టోన్‌కి చట్టం గుర్తుకు రాలేదు. ఆ వయసులో ఆ బురదలో మెట్లెక్కి, గునపం పట్టుకుని రొప్పుతూ వచ్చాడు. మొన సందులో పెట్టి ఇద్దరూ కలిసి తన్నారు. రాయి ఊడి, దాని వెనకే ఎర్ర నీళ్ళు ధార కట్టినట్టు ఎగదన్ని, సూటిగా బెర్టోన్ ఛాతీ మీద, బొత్తాల మీద, మీసాల మీద పడ్డాయి.

"అదీ!" అంది జెరొమీనత్త. "రెండోది. ఎడమకి. ఎడమంటే ఎడమరా, నీకు పెళ్ళాం చెప్తేనే వినపడుతుందా?"

"ఎడమ!" అంది నివెస్.

రెండోది. మూడోది. నాలుగోది తీసేసరికి గోడ కుడి కొస పెద్ద నిట్టూర్పు విడిచి రెండు గజాల మేర కూలిపోయింది. నాలుగు తీగలు గుత్తులతో సహా కిందికి జారాయి. జెరొమీనత్త మిగిలిన గోడ దగ్గరికి నడిచింది. "వద్దత్తా!" అని డెల్మో అరుస్తున్నా వినకుండా, ఆ పొట్టకి చెంప ఆనించింది. వేలితో రెండు కొట్లు కొట్టింది.

వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"ఊఁ" అంది. ఈసారి మూతి ముడవలేదు. "నిలబడుతుంది."

నాలుగు కన్నాల్లోంచి నాలుగు కాలవలు. చూస్తుండగానే ఎరుపు తగ్గింది, ఉరుకు తగ్గింది. ఐదింటికి వాన వెలిసింది. గోడ పొట్టతోనే ఉంది గానీ ఇంక పెరగలేదు. బెర్టోన్ మళ్ళల్లో ఒక్క రాయి కదల్లేదు.

డెల్మో కొట్టంలో అందరూ కూలబడ్డాక నివెస్ బ్రాందీ పోసింది. డెల్మో అడిగాడు, "మొన్నటి సిమెంటు అంత తొందరగా ఎలా ఊడింది అత్తా? రేవులో నేను పోసినది పిడుగు పడినా కదలదు."

"రేవులో సిమెంటు ఎవడి డబ్బు?"

"సర్కారుది."

"ఇక్కడ?"

డెల్మో చేతుల మీది ఇసక దులుపుకున్నాడు. పిడికెడు సిమెంటుకి బకెట్టు ఇసక కలిపిన సంగతి అతనికీ దేవుడికీ తెలుసు. ఇప్పుడు జెరొమీనత్తకి కూడా.

"నీ పిసినారితనమే నిన్ను కాపాడింది. చేతికి ఎముక లేనివాడివై ఉంటే ఈపాటికి గోడతో సహా సముద్రంలో ఉండేవాడివి" అందావిడ, గ్లాసు ఖాళీ చేస్తూ.

"కానీ అత్తా, గోడ ఉబ్బుతుందని నోటితో ఒక్క మాట చెప్పొచ్చు కదా? దొంగలా రాళ్ళు పీకడం ఎందుకు?"

జెరొమీనత్త అతన్ని జాలిగా చూసింది.

"ఏప్రిల్లో చెప్పా. నువ్వేమన్నావు? నా గోడ సంగతి నాకు తెలుసు అన్నావు. మీ మామా అదే అన్నాడు. వాళ్ళ నాన్నా అదే అన్నాడు. ఈ కొండ మీద మగాడికి నీ గోడ ఉబ్బిందిరా అని చెప్పు, కుర్చీలోంచి లేవడు. అదే, రాయొకటి పోయిందని తెలియనీ. చెప్పుల్లేకుండా పరిగెత్తుకెళ్ళి, చివరి నుంచి చివరి దాకా తడిమి తడిమి చూసుకుంటాడు. చూసుకుంటే చాలు, చెయ్యాల్సింది వాడే చేస్తాడు."

బెర్టోన్ గ్లాసు కింద పెట్టాడు. ఇరవై ఏళ్ళుగా ప్రతి ఆదివారం గోడ లెక్కపెట్టిన మనిషి. కొండ మొత్తానికీ ఆయన గోడే చక్కనిదని అందరూ అంటారు. తనకి క్రమశిక్షణ ఎక్కువ కాబట్టి అనుకుంటున్నాడు ఇన్నాళ్ళూ. ఆయన ఏమనుకున్నాడో గానీ, మీసాల్లోంచి బురద తుడుచుకుని, "ఏదేమైనా దొంగతనం దొంగతనమే" అన్నాడు.

"రాసుకో నాయనా" అంది జెరొమీనత్త.

ఆదివారం ఉత్తరపు గాలి తిరిగి గుత్తుల మీది తడంతా ఊడ్చుకుపోయింది. మంగళవారం కోత. నివెస్ బుట్ట భుజానికెత్తుకుని ముందు నడుస్తోంది, డెల్మో వెనక. దారిలో విరిగిన మెట్టు దగ్గర అలవాటుగా "చూసి!" అన్నాడు. వేసవిలో అక్కడే జారి నివెస్ చీలమండ బెణికి పది రోజులు మంచం మీద ఉంది. కానీ నివెస్ ఆగకుండా అడుగేసి దాటేసింది. మెట్టు విరిగి లేదు. అక్కడ కొత్త పలక రాయి కూర్చుని ఉంది. దాని అంచున బూడిదరంగు సిమెంటు మరక.

డెల్మో వంగి తడిమాడు. ఇసక రాలింది. సందేహం లేదు, తన సిమెంటే.

ఆ తరవాత అతనికి కళ్ళు తెరుచుకున్నాయి. బుట్టల్ని కిందికి దించే పట్టాల బండి గుంజ కింద ఒకటి, మరకతో. మోకాళ్ళ నొప్పులతో గోడ సర్దుకోలేని విధవరాలు ఓలింపియా గోడ మూల రెండు, మరకలతో. సమాధుల తోట మలుపులో ఒకటి. ఊట దగ్గర ఒకటి. ఆరు లెక్క తేలాయి. పోయిన రాయి అందరికీ కనిపిస్తుంది, వచ్చిన రాయిని ఎవరు చూస్తారు? సిమెంటు పుయ్యబట్టి గానీ డెల్మోకి కూడా కనిపించేవి కావు.

ఏడోది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు.

నవంబరులో సాన్ మార్తినో పండగ వచ్చింది. ఆ రోజే కొత్త పీపాలకి బిరడా తీసి రుచి చూడాలి. డెల్మో నేలమాళిగలో సగం ఊరు చేరింది. బల్ల మీద కాల్చిన చెస్ట్‌నట్ కాయలు, ఉప్పులో ఊరిన నెత్తళ్ళు. నివెస్ మొదటి గ్లాసు జెరొమీనత్త చేతికే ఇచ్చింది. అందరూ ఆవిడ గొంతు వైపు చూస్తున్నారు. డెల్మో అయితే మెట్ల పైన కనిపిస్తున్న గుమ్మం పక్క పెట్టె వైపు చూస్తున్నాడు.

ఆవిడ తాగింది. పెదాలు చప్పరించింది. పైకప్పు వైపు చూసింది.

"తాగొచ్చు" అంది చివరికి.

కాలాస్ట్రాలో ఇంతకు మించిన పొగడ్త ఇంకా పుట్టలేదు. నివెస్ పైకి వెళ్ళి, పెట్టె మూత తెరిచి, బట్టలన్నీ బయటికి తీసి, అందులో చెస్ట్‌నట్ కాయలు పోసుకుని తెచ్చి బల్ల పక్కన పెట్టింది. డెల్మో గోడ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

జెరొమీనత్త ఏప్రన్‌లోంచి ఒక రాయి తీసి ఠక్కున బల్ల మీద పెట్టింది. బూడిదరంగు మరక. ఏడోది.

"ఇది నీదే, ఉంచుకో. కొండంతా తిప్పా, ఎక్కడా ఇమడలేదు. నీలాగే మూర్ఖపు రాయి." మోకాలు రుద్దుకుంటూ స్టూలు మీద కూర్చుంది. "నేనా, ఇంక కొండదారి దిగలేనురా. రాయి బరువు పెరిగిందో, నా వయసు పెరిగిందో."

సరిగ్గా అప్పుడే తలుపు ధడేల్మంది. బెర్టోన్, చేతిలో నోటుబుక్కు, మీసాలు నిక్కబొడుచుకుని.

"మళ్ళీ నాలుగు వందల పదకొండు!"

అందరూ జెరొమీనత్త వైపు తిరిగారు. ఆవిడ నిజంగానే తెల్లబోయింది. "ఒట్టు బెర్టోన్! ఈసారి నేను కాదురా!"

"ఇరవై ఏళ్ళుగా ఇదే మాట!"

"ఇన్నేళ్ళూ అబద్ధం. ఇవాళ నిజం!"

"ఎడమ మూల, అడుగున!" అన్నాడు బెర్టోన్, గుండె మీద చెయ్యి వేసుకుని.

"అయ్యో, అడుగునా?" అన్నాడు డెల్మో. "మరి ఆ చుట్టుపక్కల ఇంకేం కదిలాయో సరిగా చూసుకున్నావా? మొన్నటి వానకి ఆ మూల కొంచెం..."

బెర్టోన్ మొహం మళ్ళీ ఆలివ్ నూనె రంగుకి తిరిగింది. అప్పుడే చేతికిచ్చిన గ్లాసు ముట్టకుండా బల్ల మీద పెట్టి, వచ్చిన దారినే పరుగు తీశాడు. జెరొమీనత్త ఆ గ్లాసు తన వైపు లాక్కుంది. ఒక గుక్క తాగి, గ్లాసు అంచు మీదుగా డెల్మోని పైనుంచి కింది దాకా చూసింది. చూపు అతని కోటు దగ్గర ఆగింది. కుడి జేబు మోకాలి దాకా సాగి వేలాడుతోంది.

"ఊఁ" అంది.

నివెస్ చెస్ట్‌నట్ ఒలుస్తూ తల ఎత్తకుండానే అంది, "ఏమయ్యా, కోటు పాడవుతుంది. రేపు నీకో ఏప్రన్ కుట్టిస్తాలే."